డ్యూటీ కట్టిన గొంతు

నిన్న సాయంత్రం మా జిరాక్స్ షాపుకి ఒక లెక్కల మాస్టారు వచ్చారు. పక్క సందులో కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతారు. విదేశం నుంచి ఏదో పాతకాలపు ఇంకు పెన్ను తెప్పించుకుంటున్నారట. కొరియర్ వాళ్ళకి పంపడానికి ఆయన ఆధార్ కార్డు స్కాన్ చేస్తుంటే, కౌంటర్ మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగారు.

"ఏమండీ, పెట్టె మీద గిఫ్ట్ అని రాయించుకుంటే కస్టమ్స్ డ్యూటీ పడదటగా? ఇలాంటి కిటుకులన్నీ మీకు తెలుసని మావాళ్ళు చెప్పారు."

"వద్దండీ. ఉన్నది ఉన్నట్టు రాయించండి. కట్టాల్సింది కట్టి తెచ్చుకోండి," అన్నాను. మామూలుగానే అన్నాననుకున్నాను. కానీ బయట చాయ్ బండి దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూశారు. మాస్టారు మొహం చిన్నబుచ్చుకుని కార్డు తీసుకుని వెళ్ళిపోయారు. నేను వెనకగదిలోకి వెళ్ళి కాగితాల కట్టల మీద కూర్చుని ఏడ్చాను. యాభై దాటిన ఆడదాన్ని, షాపు తెరిచి పెట్టి ఏడుస్తున్నానని సిగ్గు కూడా కలగలేదు.

నేను ఏడ్చింది మాస్టారి కోసం కాదు, ఇంకొకాయన కోసం. ఆయన పేరు రాయను. రాసినా ఎవరికీ తెలియదు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో విజయవాడ వైపు వెళ్ళే ప్రైవేటు బస్సులకి జనాన్ని పిలిచి ఎక్కించేవాడు. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. డ్రైవర్లు అన్నా అనేవారు, నేనూ అన్నా అనేదాన్ని. నన్ను చెల్లె అనేవాడు.

నాకు మొదట తెలిసింది మనిషి కాదు, గొంతు. మాది బెజవాడ. పెళ్ళయి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి పాతికేళ్ళు దాటింది. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళాలంటే ఎల్‌బీ నగర్‌లోనే బస్సెక్కాలి. ఆటో ఇంకా ఫ్లైఓవర్ దిగకముందే ఆ కేక వినపడేది. "సూర్యాపేఏఏఏట! కోదాడ! బెజ్వాడ!" కోదాడనీ బెజవాడనీ గబగబా పడేసి, సూర్యాపేటని మాత్రం సాగదీసేవాడు. మా ఊరిని అలా తేలిగ్గా తీసిపారేయడం ఏంటన్నా అని ఒకసారి తగువు పెట్టుకున్నాను.

"మా ఆమెది సూర్యాపేట దిక్కు చెల్లె. జర ఎక్కువ తక్కువ ఉంటది గద," అన్నాడు.

తర్వాత తెలిసింది, ఇంట్లో కూడా ఆమెని సూర్యాపేట అనే పిలుస్తాడని. ముప్పై ఏళ్ళ కాపురంలో మరో పేరు పెట్టి పిలవలేదట.

బస్సులకి పిలిచేవాళ్ళందరిలాగే ఆయనా అబద్ధాలకోరు. "ఇగ కదుల్తున్నది, ఇగ కదుల్తున్నది" అని ఎక్కించి, గంటన్నర కూర్చోబెట్టేవాడు. డ్రైవరు చెట్టు కింద నిద్రపోతుంటే, ఇంజను వేడెక్కుతోందని చెప్పేవాడు. తిడదామని దిగితే, "చెల్లె, ఎడమ దిక్కు కూసో, ఎండ పడదు," అని కిటికీ పక్క సీటు చూపించేవాడు. నిజంగానే విజయవాడ దాకా ఎండ పడేది కాదు. ఇక ఏమని తిట్టను?

బస్సు నిండాక మాత్రం చూడాలి ఆయన్ని. వెనక నుంచి ముందు దాకా ఒకసారి నడిచి, కుడి అరచేత్తో బస్సు రేకు మీద రెండు దెబ్బలు వేసేవాడు. ఠప్, ఠప్. ఒక దెబ్బ వేస్తే ఆగమని, రెండు వేస్తే పొమ్మని. ఈ లెక్క బస్సుల వాళ్ళందరిదీ. కానీ ఆయన చెయ్యి పడితే బస్సంతా మోగేది. బస్సు కదిలాక కూడా చెయ్యి దానికి ఆనించే నాలుగడుగులు వచ్చేవాడు. అచ్చం దూడను మందలోకి తోలినట్టుండేది.

కొన్నాళ్ళు ఎల్‌బీ నగర్‌లో ఆ గొంతు వినపడలేదు. ఇంకొకడెవడో పిలుస్తున్నాడు, వాడి సూర్యాపేటలో సాగదీత లేదు. నేను అడగను కూడా అడగలేదు. ఊళ్ళో ఇంతమంది ఉన్నారు, ఒక మనిషి కనపడకపోతే ఎవరు వెతుకుతారు?

ఒక మధ్యాహ్నం ఆయనే మా షాపు మెట్లెక్కాడు. మెడ చుట్టూ తువ్వాలు. మనిషి సగమయ్యాడు. చొక్కా చివర పట్టుకుని వెనకాలే ఒకామె వచ్చింది. రెండు కళ్ళూ తెల్లగా ఉన్నాయి. నేను, "అన్నా, ఏమైపోయారు?" అన్నాను. ఆయన నోరు కదిపాడు. ఏమీ వినపడలేదు. మళ్ళీ కదిపాడు. అప్పుడు తువ్వాలు కొంచెం పక్కకి తీసి, మెడ కింద చేసిన రంధ్రం చూపించాడు.

మాట్లాడింది ఆమె.

"గొంతుల గడ్డ లేసిందమ్మా. దవాఖానల గొంతే తీసేసిన్రు. గిప్పుడు గాలి గా పొక్కలకెంచే తీసుకుంటడు. నాకేమో కండ్లు కనబడయి. ఆయన సైగ చేస్తె నాకు తెల్వది. నేను పిలిస్తె ఆయన ఊ అనలేడు. ఇంట్ల ఇద్దరం ఉన్నం, ఎవ్వలకు ఎవ్వలం లేనట్టే ఉన్నది. రాత్రి లేసి ముక్కు కాడ చెయ్యి పెట్టి చూస్త, ఉన్నడా అని. ముక్కుల కెంచి గాలి రాదు గదమ్మా ఇప్పుడు. గుండె ఆగినంత పనైతది."

ఆయన ఒక ప్లాస్టిక్ కవరు నా ముందు పెట్టాడు. రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం, కరెంటు బిల్లు, దవాఖాన కాగితాలు అన్నీ అందులోనే ఉన్నాయి. వాటి మధ్య డాక్టరు ఇంగ్లీషులో రాసిచ్చిన చీటీ. చిన్న టార్చిలైటు లాంటి మిషన్ పేరు. దవడ కింద ఆనించి బటన్ నొక్కితే అది గుయ్‌మంటుంది. ఆ మోతనే నోటితో మాటగా మలుచుకోవాలి. ఇక్కడ దొరికేవి రెండు పెట్టి చూశారట, కోతలు పడి గట్టిపడిన ఆయన మెడకి అవి పలకలేదు. విదేశంలో తయారయ్యేది పనికొస్తుందని డాక్టరు అన్నాడు. కంప్యూటర్లో తెప్పించవచ్చంటే అన్న ఆ చీటీ నా దగ్గరికి తీసుకొచ్చాడు. ఆయన చదువుకోలేదు. బస్సుల బోర్డులు చదివేవాడు, అదీ అక్షరాలు కూడబలుక్కుని కాదు, మొహాలు గుర్తుపట్టినట్టు. రాయడం అసలు రాదు. కాగితం మీద రాసి చూపించమంటే చేతులెత్తేసేవాడు.

తెప్పించాం. ఆయన ఇల్లు మూసారాంబాగ్‌లో, మూసీ పక్క సందుల్లో. అక్కడికి కొరియర్ వాళ్ళు సరిగా వెళ్ళరని అడ్రసు మా షాపుదే ఇచ్చాను. పేరు మాత్రం ఆయనదే. కొన్నాళ్ళకి కస్టమ్స్ డ్యూటీ కట్టమని మెసేజ్ వచ్చింది. కబురు పెడితే ఇద్దరూ వచ్చారు. ఆమెకి కోపం ఆగలేదు.

"ఏందమ్మా ఇది? ఉన్న గొంతుకు ఎవ్వలు పన్ను అడగలే. పోయిన గొంతు కొనుక్కుంటె సర్కారుకు పైసలియ్యాల్నా?"

నేను ఏదో నచ్చజెప్పబోయాను. దేశం బయట నుంచి ఏ వస్తువు తెప్పించినా అంతే వదినా అన్నాను. ఆయన మాత్రం డబ్బు తీసి కౌంటర్ మీద పెట్టాడు. కట్టిన రసీదు ప్రింటు తీసి ఇస్తే, అటూ ఇటూ తిప్పి చూసుకుని, గోడ మీద నేను తగిలించిన లామినేషన్ రేట్ల బోర్డు వైపు వేలు చూపించాడు. లామినేట్ చేసి ఇచ్చాను. చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబులోంచి అది మళ్ళీ ఇంట్లోకి వెళ్ళలేదు.

మిషన్ వచ్చాక వాడకం నేర్చుకోవడానికి వారాలు పట్టింది. ఒక రోజు షాపు ముందు నిలబడి దవడ కింద ఆనించి బటన్ నొక్కాడు. నీళ్ళ మోటారు మాట్లాడినట్టు, ఎత్తూ పల్లం లేకుండా, ఒకటే మోతగా వచ్చింది.

"చెల్లె. ఎడమ దిక్కు కూసో. ఎండ పడదు."

జిరాక్స్ తీస్తున్న చేతులతోనే మొహం తుడుచుకున్నాను. చెంపలంతా నల్ల మసి అయింది. ఆయన నవ్వాడు. నవ్వుకి ఆ మిషన్ పనిచేయదు. చప్పుడు లేకుండా భుజాలు కదిలాయి.

ఇంట్లో ఏమైందో ఆయనే చెప్పాడు. మొదటిసారి మిషన్ పెట్టుకుని మాట్లాడితే ఆమె చేతికి దొరికింది విసిరిందట, ఇంట్లో ఎవడో దూరాడని. చెంబు వచ్చి ఆయన భుజానికి తగిలింది. "సూర్యాపేట" అన్నాడట అప్పుడు. ఆ మోతలో సాగదీయడం కుదరదు. కానీ ఆ మాట విన్నాక ఆమె గోడ పట్టుకుని కూలబడి, ఇంకొకసారి అను, ఇంకొకసారి అను అని పొద్దుపోయేదాకా అనిపించుకుందట.

డ్యూటీ సంగతి కూడా అప్పుడే తేల్చాడు. "మా ఆమెకు సమజ్ కాలే. అది టోల్‌గేట్ లెక్క చెల్లె. మన బస్సు బెజ్వాడ పోవాలంటె టోల్ కట్టాలె. గొంతు ఇంకెంత దూరంకెంచి ఒచ్చింది? టోల్ ఎగ్గొట్టిన బస్సు ఎక్కడనో ఒక్కకాడ ఆగుతది. ఆగితె లోపల కూసున్నోళ్ళకు తిప్పలు."

ఈ మాట నేను విన్నాను. నవ్వాను కూడా. చెవికెక్కలేదంతే.

మళ్ళీ ఎల్‌బీ నగర్‌లో పనికి చేరాడు. డ్రైవర్లు మొదట్లో నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. వింతేమిటంటే, ఆ గొంతు వచ్చాక ఆయన అబద్ధాలు మానేశాడు. బస్సు ఎప్పుడు కదులుతుందని అడిగితే, "గంట పడ్తది. చాయ తాగి రా," అనేవాడు. బస్సు యజమానులు మొత్తుకునేవారు, ఉన్న బేరం చెడగొడుతున్నాడని. వినేవాడు కాదు.

"అప్పుడు ఉట్టి గొంతు. ఏమన్న అంటుండె. ఇది డ్యూటీ కట్టిన మాట. దీనితోని అబద్ధం ఎట్ల చెప్త?"

అదే ఆయన ఊతపదం అయింది. ఆరున్నరకి కదులుతుందా అని ఎవరైనా అనుమానపడితే, "డ్యూటీ కట్టిన మాట," అనేవాడు. ఆరున్నరకి ఠప్, ఠప్. తెలిసినవాళ్ళు ఆయన పిలిచిన బస్సే ఎక్కేవారు. యజమానులు నోరు మూసుకున్నారు.

ఒకసారి నేను అక్కడ ఉండగానే కొత్త ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి, "ఏంది నీ గుయ్‌గుయ్ లొల్లి, పక్కకు జరుగు," అని కసిరాడు. ఈయన తాపీగా జేబులోంచి లామినేట్ చేసిన రసీదు తీసి చూపించాడు.

"సర్కారుకు పన్ను కట్టిన గొంతు సార్. మీది ఫిరీ."

కానిస్టేబుల్ కాగితం చదివి, మెడ మీద తువ్వాలు చూసి, తనే చాయ్ తాగించాడు.

మెట్రోలో వచ్చేవాడు, మూసారాంబాగ్ నుంచి ఎల్‌బీ నగర్‌కి. తర్వాతి స్టేషను ఏదో చెప్పే రికార్డు ఆడగొంతంటే ఆయనకి పడేది కాదు. పేర్లలో ప్రాణం లేదనేవాడు. ఆ గొంతు స్టేషన్ పేరు చెప్పగానే ఈయనా మిషన్ పెట్టి అదే పేరు చెప్పేవాడట. పెట్టెలో జనం ఉలిక్కిపడేవారట. "ఆమెకు గొంతున్నది, పిలుపు రాదు. నాకు పిలుపొస్తది, గొంతు లేదు," అన్నాడు ఒకరోజు. అన్నాక కాసేపు మిషన్ బటన్ మీదే వేలు పెట్టుకుని కూర్చున్నాడు.

మిషన్ ఎడమ చేతిలో ఉండేది ఎప్పుడూ. కుడి చెయ్యి బస్సు రేకుకి. మొన్నటి వానాకాలంలో, పెద్ద వాన కురిసిన రోజు, ఎవరో ముసలమ్మకి ఎడమ చేత్తో మూట అందిస్తూ మిషన్ కుడి చేతికి మార్చుకున్నాడు. బస్సు నిండింది. అలవాటు చొప్పున కుడి చెయ్యి లేచింది. ఒక దెబ్బకే మిషన్ పగిలి చక్రం కింద పడింది. రెండో దెబ్బ పడలేదు కాబట్టి బస్సు ఆగిపోయిందట. డ్రైవర్లు చెప్పారు, ఆయన వానలో మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలన్నీ ఏరుకున్నాడని.

తడిసిన బట్టలతోనే నా దగ్గరికి వచ్చాడు. ముక్కలు కౌంటర్ మీద పోశాడు. నేను చెప్పకుండానే వేలితో కంప్యూటర్ వైపు చూపించాడు. తర్వాత జేబులోంచి రసీదు తీసి దాని మీద వేలితో రెండుసార్లు కొట్టి, తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. డ్యూటీ కట్టేటప్పుడు నన్ను పిలువు, రసీదు నా పేరు మీదే కావాలి అని. అంత స్పష్టంగా అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే అవకాశం కూడా నాకు లేదు.

ఇక నా తెలివి సంగతి చెప్పాలి. నేను తెలివైనదాన్నని నాకు గట్టి నమ్మకం. షాపుకి వచ్చేవాళ్ళంతా అదే అంటారు. గిఫ్ట్ అని రాయిస్తే, ధర తగ్గించి వేయిస్తే డ్యూటీ తప్పించుకోవచ్చని మా దగ్గర అందరికీ ఒక నమ్మకం. చాలా పార్శిళ్ళు అలా దాటిపోయాయి కూడా. ఆపరేషన్ తర్వాత ఆయన చేతిలో ఏమీ మిగల్లేదని నాకు తెలుసు. ఈసారి డ్యూటీ భారం ఆయన మీద పడనివ్వకూడదని నేనే నిర్ణయించుకున్నాను. ఆయన్ని అడగలేదు. మేలు చేసేటప్పుడు అడగడం ఎందుకనుకున్నాను. తొందరగా తేలాలని పార్శిల్ నా పేరు మీదే పెట్టి, అమ్మేవాడికి మెయిల్ రాశాను. పెట్టె మీద గిఫ్ట్ అని రాయండి, ధర బాగా తగ్గించి వెయ్యండి, వస్తువు పేరు దగ్గర ఆటబొమ్మ అని పెట్టండి. అతను సరేనన్నాడు. ఆ రాత్రి నేను ఎంత సంతోషంగా అన్నం తిన్నానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

పార్శిల్ మన దేశానికి వచ్చింది. కస్టమ్స్‌లో ఆగింది. పెట్టె మీద రాసినదానికీ లోపలి వస్తువుకీ పొంతన లేదు, కొన్న బిల్లూ డబ్బు కట్టిన రుజువూ పంపండి అని మెసేజ్ వచ్చింది. బిల్లు పంపితే నా అబద్ధం బయటపడుతుంది. నాలుగు రోజులు ఏమీ పంపకుండా కూర్చున్నాను. భయం వేసింది. వాళ్ళంతట వాళ్ళే వదిలేస్తారేమోనని పిచ్చి ఆశ.

ఆయన రోజూ సాయంత్రం వచ్చేవాడు. మెట్ల దగ్గర నిలబడి అరచెయ్యి తెరిచి చూపించేవాడు, వచ్చిందా అని. నేను, "రేపన్నా," అనేదాన్ని. చొక్కా జేబు తట్టి చూపించేవాడు. రసీదు పక్కనే మడత పెట్టిన డబ్బు ఉండేది, డ్యూటీకి. "దాచుకోండన్నా, ఈసారి ఆ అవసరం రాకుండా చూశాను," అన్నాను ఒకరోజు గొప్పగా. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. పెదాలు కదిలించాడు. ఏమన్నాడో నాకు తెలియలేదు. దగ్గుతున్నాడు కూడా, మెడ దగ్గర తువ్వాలు ఎగిరెగిరి పడుతోంది. ఆ దగ్గు వాన రోజుదని నాకు తట్టలేదు.

ఈలోపు దవాఖానలో పాత మిషన్ ఏదైనా అడుగుదామని ఆమె అంటే, "రేపో మాపో కొత్తదే వస్తుంది కదా వదినా," అని ఆపింది కూడా నేనే.

అయిదో రోజు ఇక లాభం లేదని కొరియర్ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఫోనెత్తిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"మేడమ్, అసలు లోపలున్నది ఏంటో నిజంగా చెప్పండి. బొమ్మ అని ఉంది. చూస్తే బొమ్మలా లేదంటున్నారు."

"గొంతు," అన్నాను.

"ఏంటి మేడమ్?"

"మనిషి గొంతమ్మా. గొంతు తీసేసినవాళ్ళు మాట్లాడే మిషన్. డ్యూటీ తప్పించుకోవాలని బొమ్మ అని నేనే రాయించాను."

"అదే రాసి, డాక్టర్ లెటర్ జత చేసి ఉంటే ఇంత ఆగేది కాదేమో మేడమ్. డ్యూటీ కూడా తగ్గేదేమో. ఇప్పుడు మొత్తం మళ్ళీ మొదటి నుంచి చూస్తారు," అంది.

నిజమైన బిల్లు పంపాను. డాక్టర్ చీటీ పంపాను. క్షమించమని ఉత్తరం రాశాను. ఆ వారమే ఆయనకి నిమ్ము చేసి దవాఖానలో చేర్చారు. మెడ దగ్గర రంధ్రంలోంచి నేరుగా ఊపిరితిత్తుల్లోకి చెమ్మ పోయిందన్నారు.

చూడటానికి వెళ్ళాను. ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. నేను లోపలికి రాగానే ఆయన చూపు నా మొహం మీదికి రాలేదు, నా చేతుల మీదికి వచ్చింది. చేతుల్లో బత్తాయిల సంచి ఉంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ చూపు మరిచిపోవడానికి నేను పడుతున్న పాట్లు దేవుడికే తెలుసు.

ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. నర్సు వచ్చినా, పక్క మంచం మనిషి వచ్చినా ఆమె అదే అడిగేది. "ఏమన్న అంటున్నడా? జర చూసి చెప్పున్రి, ఏమంటున్నడు?" వాళ్ళు ఆయన నోటి వైపు వంగి చూసి, ఏమీ తోచక, నీళ్ళు అడుగుతున్నాడేమో అనేవారు. ఆమె నీళ్ళు పట్టేది. ఆయన తాగేవాడు కాదు. నన్ను కూడా అడిగింది. నేను వంగి చూశాను. ఒక్క మాట గుర్తుపట్టాను, సూర్యాపేట. ఆ తర్వాత ఇంకా చాలా ఉంది. అదేమిటో నాకు అందలేదు.

"నిన్నే పిలుస్తున్నాడు వదినా," అన్నాను.

"పిలుస్తడు. పిలిచి ఏం చెప్తున్నడు?" అంది.

నిజం చెప్పి ఆయన కాళ్ళ మీద పడదామనుకున్నాను. వార్డులో అంతమంది ముందు నోరు పెగల్లేదు. రేపు చెబుదామనుకున్నాను. అందరికీ రేపు అని చెప్పి చెప్పి నేనే నమ్మేశాను. తెల్లవారేసరికి ఆయన పోయాడు.

సమాధుల తోటలో వాళ్ళ చర్చి పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే, ఎల్‌బీ నగర్ డ్రైవర్లు పదిమంది దాకా తలలు వంచుకుని నిలబడ్డారు. ఎవరో ఆయన చొక్కా జేబులోంచి రసీదు తీయబోతే, ఉండనియ్యమంది ఆమె.

డ్యూటీ కట్టి పార్శిల్ విడిపించుకోమని మెసేజ్ వచ్చింది ఆ తర్వాత పదకొండో రోజున. డ్యూటీ కట్టాను. తప్పు రాసినందుకు జరిమానా కట్టాను. రసీదు ప్రింటు తీశాను. పై వరసలో నా పేరు ఉంది.

పార్శిల్ చేతికొచ్చాక మిషన్ ఛార్జింగ్ పెట్టి, మర్నాడు మూసారాంబాగ్ వెళ్ళాను. ఆమె గడప దగ్గర కూర్చుని ఉంది. నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టింది. పెట్టె ఆమె ఒళ్ళో పెట్టాను. చేతులతో తడిమింది. అట్ట మీద అంటించిన కాగితం దగ్గర వేళ్ళు ఆగాయి.

"ఏమని రాసిన్రమ్మా దీని మీద?"

ఇంకా అబద్ధం చెప్పొచ్చు. ఆమెకి కనపడదు. కానీ ఆ పెట్టె ముందు కూర్చుని నా వల్ల కాలేదు.

"ఆటబొమ్మ అని ఉంది వదినా. నేనే అలా రాయించాను. డ్యూటీ పడకూడదని. అందుకే ఆపేశారు. ఇంత ఆలస్యం నా వల్లే."

తిడుతుందనుకున్నాను. చెంబు విసురుతుందనుకున్నాను. విసిరితే బాగుండునని ఉంది. ఆమె అట్టపెట్టె మూలని వేళ్ళతో నలుపుతూ కూర్చుంది.

"పైసలు తీసి పెట్టుకున్నడమ్మా ఆయన. దిండు కింద గట్లనే ఉన్నయి," అంది చివరికి.

నేను మిషన్ బయటికి తీసి బటన్ నొక్కాను. గుయ్‌మంది. ఆమె మొహం ఒక్కసారి తలుపు వైపు తిరిగింది. వెంటనే బటన్ వదిలేశాను. ఎందుకు నొక్కానా అని నన్ను నేను తిట్టుకున్నాను.

చాలాసేపటికి ఆమె నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"ఒక్కటి అడుగుత చెప్పమ్మా. నువ్వు బస్సులెక్కి తిరిగినదానివి, నీకేమన్న ఎర్కేమో. ఆఖరు గడియల నా అరచేతిల ఇట్ల కొట్టిండు." నా అరచేతిలో తన అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. "రెండు తాపలు. ఏందయ్యా అని అడిగితె మల్ల రెండు తాపలు. దవాఖానల ఎంతమందినో అడిగిన, ఎవ్వలు చెప్పలే."

ఆమె ఎప్పుడూ ఎల్‌బీ నగర్ రాలేదు. కళ్ళు లేని మనిషిని ఆ రద్దీలోకి ఆయన తీసుకురాలేదు. ఆ లెక్క ఆమెకి తెలిసే అవకాశం లేదు.

"బస్సు నిండాక రేకు మీద అలా కొడతారు వదినా," అన్నాను. "ఒకటి కొడితే ఆగమని. రెండు కొడితే పొమ్మని."

ఆమె తల ఊపింది. అర్థమైందనుకున్నాను. ఇంకేదో ఆలోచించి, తెల్లటి కళ్ళు నా వైపు తిప్పింది.

"నన్ను పొమ్మన్నడా అమ్మా? లేకుంటె తను పోతున్న అన్నడా?"

మిషన్ నా ఒళ్ళో ఉంది. ఛార్జింగ్ నిండా ఉంది. డ్యూటీ కట్టాను, రసీదు ఉంది.

"తెలియదు వదినా," అన్నాను.

ఆమె అరచెయ్యి ఇంకా తెరిచే ఉంది.